చేపకన్నుకు అడ్డం పడిన నల్లతెర

కెమెరాలు బాగుచేసే ముసలాయనకు లోకంలో దేనిమీదా నమ్మకం లేదు. తాళం వేస్తే రెండుసార్లు లాగి చూస్తాడు. కోడలు "బాగున్నారా మామయ్యా" అంటే, ఎందుకడిగిందా అని పొద్దుగూకేదాకా ఆలోచిస్తాడు. ఈమధ్య ఒక పాత డిజిటల్ కెమెరా విప్పి, కంటికి కనబడని పరారుణ కాంతిని ఆపే గాజుబిళ్ళ ఊడదీశాడు. దానికి చేపకన్ను లెన్సు తగిలించి, రోజూ మిట్టమధ్యాహ్నం అద్దింటి మేడెక్కి వీధిచివరి చెట్టును తీస్తాడు. బొమ్మలో ఆకులు దూదిలా తెల్లబడతాయి, ఇళ్ళు విల్లుల్లా వంగుతాయి. ఆ లెన్సు ఎంత వెడల్పు చూస్తుందంటే, అంచున ఆయన బొటనవేళ్ళు కూడా పడతాయి.

ఒకనాడు ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ, ఈయన అద్దింటి యజమానికి చెల్లెలే, రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. "బాబాయిగారూ, అది బట్టల్లోంచి చూసే కెమెరా అంటగా? నా కిటికీనే తీస్తున్నారు!" "చెట్టునమ్మా తల్లీ." "చెట్టుకి రోజూ ఫొటోలేంటి, పెళ్ళిచూపులా? ఏదీ, చూపించండి. లేదంటే అన్నయ్యతో చెప్పి మేడకి తాళం వేయిస్తా." ఆయన వెనక్కి తిరిగి, ముందు తానొక్కడే బొమ్మను పెద్దది చేసి చూశాడు. ఒక అంచున ఆమె కిటికీ ఉంది. కంటికి కారునలుపుగా కనిపించే తెర అందులో దోమతెరలా వెలిసిపోయింది. దాని వెనక ఆవిడే నిలబడి, ఫోను ఎత్తి ఈయన్నే తీస్తోంది. చూపిస్తే ఆమె గుట్టు రట్టవుతుంది, కెమెరా బట్టలోంచి చూస్తుందన్నదీ రుజువవుతుంది. "ఎండకి పాడైందమ్మా" అని ఆ బొమ్మను చెరిపేశాడు. ఆమె నమ్మలేదు.

మర్నాడు మేడ తలుపుకు కొత్త తాళం పడింది. ఆయన దాన్ని రెండుసార్లు లాగి చూసి, మెట్లు దిగాడు.