కింద కూర్చున్న మేయర్

మావారికి చిన్న వయసు నుంచీ నడుము నొప్పి. ఆపరేషన్లు చేయించుకున్నా తగ్గలేదు. న్యూజెర్సీలో మా టౌన్‌కి మేయర్ అయ్యాక ఆ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నారు. జబ్బు మనిషికి ఓటెవరు వేస్తారని ఆయన భయం.

రెండోసారి ఎన్నికల ముందు ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. అందరూ కార్పెట్ మీద కూర్చుంటే ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"మేయర్ అయ్యాక కింద కూర్చోవా బాబూ? సింహాసనం తెప్పించమంటావా?" అంది ఒక పెద్దావిడ. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, కూర్చున్నారు.

కథ అయిదు అధ్యాయాలూ అయ్యేదాకా ఆ నవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. లేవమని అనలేను, ఆయన ముఖం చూడలేను. హారతికి అందరూ లేచినా ఆయన లేవలేకపోయారు.

"ఏంటి సార్, ఇక్కడే సెటిలైపోయారా?" అన్నారెవరో.

"ప్రసాదం ఇంకో కప్పు ఇస్తేనే లేస్తా" అన్నారాయన.

మొన్న ఆయన సంతాప సభలో ఆ పెద్దావిడే మైక్ తీసుకుంది. "అంత మేయరై ఉండి మాతో కిందే కూర్చున్నాడు. ఏమాత్రం గర్వం లేదు" అంది.

ఆయన దాచింది ఇప్పుడైనా చెప్పవచ్చో లేదో తేలక, అందరితోపాటు నేనూ తలూపాను.