అయిదంతస్తుల బార్లీ ఆవిరి

కొత్తగా పనికి కుదిరిన రోజుల్లో ఎవరేం చెప్పినా నమ్మేయడం ఒక సుఖం. బడికి పోకుండా నాన్న దగ్గర అక్షరాలు, అవ్వ దగ్గర స్తోత్రాలు నేర్చుకున్న నాకు ఆ సుఖం కాస్త ఎక్కువే. కడప నుంచి దోహా వచ్చి, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఒక తెలుగు ఇంజనీరు ఇంట్లో వంటకు చేరాను. పెద్ద పెద్ద భవనాలకు గాలి గొట్టాలు వేయించే ఉద్యోగం సారుది. (దేవుడి దయ, నన్ను మాత్రం చల్లగానే చూశారు.) శుక్రవారం వస్తే ఆయనే వంటింట్లో దూరి, నేను పట్టేంత గిన్నెలో బార్లీ కాచేవారు. "కిడ్నీలో రాళ్లమ్మా, ఎవరడిగినా అదే చెప్పు," అన్నారు. అది ఇంట్లో బీరు తయారీ అనీ, ఆ దేశంలో అది నేరమనీ, దొరికితే ఆయన ఉద్యోగం, ఆయన పేరు మీదున్న నా ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ఒకే విమానంలో పోతాయనీ నాకేం తెలుసు? ఆ రాళ్లు కరగాలని శనివారాలు ఒంటిపూట ఉన్నాను.

చిక్కు ఆవిరితో వచ్చింది. రెండు గంటలు కాచేసరికి పైకప్పు చుక్కలు రాల్చింది, అలమర తలుపులు ఉబ్బి మూతపడనన్నాయి. "మీ వైద్యానికి ముందు ఇల్లు పోయేలా ఉంది," అన్నారు మేడమ్. సారుకు పౌరుషం పొడుచుకొచ్చింది. మరుసటి వారం మూతకు కన్నం పెట్టి, వెండిరంగు గొట్టం బిగించి, దాని రెండో కొసను బాత్రూం ఫ్యానుకు కట్టారు. వంటింట్లో చెమ్మ లేదు. సారు కాలు మీద కాలేసుకున్నారు. ఊరందరి గొట్టాలూ గీసిచ్చే మనిషి, అయిదంతస్తుల బాత్రూములూ ఒకే నిలువు గూట్లోకి గాలి వదులుతాయన్న సంగతి మాత్రం చూసుకోలేదు.

గంటలో తలుపు చప్పుడైంది. పై అంతస్తు సూడాన్ ముసలావిడ, హజ్ యాత్ర చేసొచ్చిందని అందరూ హాజా అంటారు. తమ స్నానాల గదిలో ఈ వాసనేమిటని దోహాలో నేర్చిన హిందీలో అడిగింది. సారు ముఖం సున్నం కొట్టినట్టయింది. నేను ధైర్యంగా, వచ్చీరాని హిందీలో, "దవా హై అమ్మా. సారుకు కిడ్నీమే పత్థర్," అన్నాను.

ఆవిడ కళ్లు మెరిశాయి. వాళ్లాయనకూ రాళ్లేనట. ఇంకా పులియబెట్టలేదు గనుక అది తియ్యటి బార్లీ నీళ్లే. సీసా నిండా పోసిచ్చాను. హాజా కదల్లేదు. రోగి ముందు తాగాలంది. సారు గ్లాసు ఎత్తితే తల మీద చెయ్యి పెట్టి దువా చదివింది. ఆ ఇంట్లో దేవుడికి ఎన్నడూ దండం పెట్టని మనిషి ఆ రోజు రెండు చేతులూ జోడించారు.

నాలుగో రోజు వాళ్లాయనకు రాయి పడిపోయింది. ఇక ప్రతి శుక్రవారం గుమ్మంలో అయిదంతస్తుల వాళ్ల సీసాల వరస. పులియబెట్టడానికి చుక్క మిగిలితేగా? మేడమ్ నవ్వాపుకోలేక ఏడాదికి అసలు సంగతి చెప్పారు. రెండు రోజులు సారుకు టీ ఇచ్చేటప్పుడు తలెత్తలేదు నేను. తన దాహానికి నా బతుకును పొయ్యి మీద పెట్టాడే అని. మూడో రోజు దేవుడికి దండం పెట్టుకున్నాను. నేనడిగింది చిన్నది, ఆయన కాపాడింది పెద్దది.

ఇప్పుడు ఎవరైనా రోగమంటే ముందు డాక్టరు చీటీ చూపించమంటాను. లేని రాళ్ల కోసం పస్తున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత నిండుగా మళ్లీ ఎవరి కోసమూ మొక్కలేకపోయాను.