అమ్మను చూసి గీసిన కొడుకు

పోలీసు యాక్షన్ అయ్యాక నల్లగొండలో నా పెన్సిలుకు తీరిక లేకుండా పోయింది. గీసినవన్నీ చనిపోయినవాళ్ల బొమ్మలే. పల్లెల్లో ఫోటో దిగినవాళ్లు ఎంతమందని? పోయినవాడి అన్ననో తమ్ముడినో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముక్కు కొంచెం పొడుగు, బుగ్గ కొంచెం లోపలికి అని ఇంటివాళ్లు చెబుతుంటే దిద్దుకుంటూ పోయేవాణ్ణి. మధ్యలో వాళ్లు ఏడ్చేవారు. నాకు ఏడుపు రావడం ఎప్పుడో మానేసింది. చెయ్యి మాత్రం భుజం దాకా గుంజేది.

తిరుమలగిరి వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. కొడుకు బొమ్మ కావాలంది. పోలికలు ఎవరివని అడిగాను.

"నాయే. నన్నే జూసి గియ్యి బిడ్డా" అని కొంగు వెనక్కి జరిపి కూర్చుంది.

ఆమె ముడతలన్నీ వదిలేశాను. మీసం పెట్టాను. ఎడమ కనుబొమ్మ తెగి ఉంటుందంటే అక్కడ ఖాళీ ఉంచాను. మధ్యాహ్నానికి మనిషి తయారయ్యాడు. అంత బాగా కుదిరిన బొమ్మ ఆ ఏడాదిలో ఇంకోటి లేదు. ఆ సంబరంలో, అలవాటు కొద్దీ, మెడ చుట్టూ పూలదండ గీయడం మొదలుపెట్టాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "దండ వద్దు బిడ్డా. వాడు సచ్చిపోలే. అడివిల దళంతోని ఉన్నడు. రెండేండ్లాయె. మొఖం యాదికొస్తలేదు. ఒక్కపారి సూద్దామని వచ్చిన."

సిగ్గేసింది. దండ చెరిపి కాగితం చేతికిచ్చాను. చాలాసేపు చూసి తిరిగి ఇచ్చింది.

"ఇగ తుడిచెయ్యి."

"ఎందుకమ్మా?"

"మా ఊర్ల మిలిట్రోళ్లున్నరు. వాడెట్లుంటడో వాళ్లకు ఎర్కలేదు. ఇంట్ల గిది దొరికితే ఎర్కయితది."

మీసం తీసేస్తాను, కనుబొమ్మ పూడుస్తాను, ఎవరూ గుర్తుపట్టరన్నాను. ఆమె కోసం కాదు, బొమ్మ మీద మమకారంతో అన్న మాట అది.

"గప్పుడు వాడెట్లయితడు?" అంది.

నా దగ్గర దాచిపెడతానని అనలేకపోయాను. భయం. మేము పెన్సిలు గీతలు చెరపడానికి వాడే డబల్‌రొట్టెను మెత్తని ముద్ద చేసి ఆమెకే ఇచ్చాను. గడ్డం, చెంపలు, మీసం నెమ్మదిగా తుడుచుకుంటూ వెళ్లింది. కళ్ల దగ్గర ఆగింది. ముద్దను నా ముందు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది.

"గవి నువ్వే తుడువు బిడ్డా. నాతోని అయితలేదు."