రాణీగారి భోజనం, నా ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో ఢిల్లీ బేర్ సరాయ్‌లో గది అద్దెకి తీసుకున్న ప్రతి తెలుగువాడూ కాబోయే కలెక్టరే. (కాకుండా పోయినవాళ్ల సంగతి ఎవరూ మాట్లాడేవారు కాదు. వాళ్లు ఖాళీ చేసిన గదిలో ఇంకో కాబోయే కలెక్టరు పెట్టె దించుకునేవాడు, అంతే.) కిటికీ తెరిస్తే ఎదురింటివాడి కిటికీ, వాడి చేతిలోనూ మేం చదివే పుస్తకమే. ఒక్క తెలివితేటలతో పని జరగదని మాకు తెలుసు, అదృష్టం మన చేతిలో లేదనీ తెలుసు. అందుకని ఆ రెంటికీ మధ్య తినడానికో తాగడానికో ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కునేవాళ్లం. సరస్వతీ ఆకు నమిలాం, బాదం పప్పులు నానబెట్టుకుని తిన్నాం. అవన్నీ అయ్యాక నా ప్రాణానికి రాయల్ జెల్లీ వచ్చింది. నవ్వుతూనే రాస్తున్నాను గానీ ఆ పేరు వింటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. (నిజానికి ఆ పదార్థం పులుపు. చేదు నా సొంతం.)

ఆ ఏడు నాకూ నా గదిలోవాడికీ ఇద్దరికీ ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. వాడికి ఇంకా వయసుంది. నాకు అదే ఆఖరు. అది పోతే మళ్లీ పరీక్ష రాసే అర్హత కూడా ఉండదు. వాడిది కరీంనగర్ పక్క పల్లె. ఏం చెప్పినా "గట్లెట్లరా?" అనేవాడు కనక గల్లీ అంతా వాడిని డౌటుగాడు అనే పిలిచేది. మాది తెనాలి వైపు. ఎవరేం చెప్పినా తలూపే రకం కనక నాకు పేరు పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన తెలుగు పిల్లల్ని ఆదివారం భోజనానికి పిలవడం వసంత్ కుంజ్‌లో ఒక ఆఫీసరుగారి ఇంట్లో ఆనవాయితీ. అంకుల్ హాల్లో కూర్చుని ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసేవారు, ఆంటీ ముద్దపప్పు వడ్డిస్తూ అసలు సలహాలు ఇచ్చేవారు. ఆంటీది కాకినాడ. ఏ సలహాకైనా పథ్యం జోడించకుండా వదిలేవారు కారు. జలుబు మాత్రకీ పథ్యమే, కొత్త కళ్లజోడుకీ పథ్యమే. అందుకని మేం వెనకాల పథ్యం ఆంటీ అనుకునేవాళ్లం. ఆ ఆదివారం ఆవిడ ఫ్రిజ్‌లోంచి ఒక చిన్న సీసా తీశారు. లోపల మీగడలాంటి తెల్లటి ముద్ద, రాయల్ జెల్లీ. అంకుల్ ఆఫీసులో ఎవరో హిమాచల్ నుంచి తెచ్చిచ్చారట. జ్ఞాపకశక్తి, ఓపిక, మొహంలో కళ, ధైర్యం, ఆయుష్షు, ఇలా ఆవిడ దాని సుగుణాలు చెబుతూ ఉంటే, ఇన్ని ఉన్నవాడికి ఇంక కలెక్టరు ఉద్యోగం దేనికా అనిపించింది.

"చూడు నాన్నా," అన్నారు ఆవిడ నా విస్తట్లో నెయ్యి వేస్తూ, "తేనెటీగల్లో ఆ పురుగూ ఈ పురుగూ ఒకటే. ఇది తింటూ పెరిగింది రాణి అయ్యింది. తినంది జన్మంతా చాకిరీ చేసుకుంటూ పోయింది. ఇంక నీ ఇష్టం."

ఇక్కడ నేను చెప్పడానికి సిగ్గుపడే విషయం ఒకటుంది. పరీక్షలో నా ఐచ్ఛికం జువాలజీ. తేనెటీగల గురించి ఆవిడకంటే నాకే బాగా తెలుసు. ఆ పదార్థం చాకిరీ ఈగల తలలోని గ్రంథుల్లోంచి వస్తుందని, పుట్టిన ప్రతి పురుగుకీ మొదట్లో కాస్త పెడతారని, రాణి కావలసినదానికి మాత్రం ఆపకుండా పెడుతూనే ఉంటారని బొమ్మలతో సహా రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అయినా ఆవిడ ఆ మాట అనగానే, ఇన్నేళ్లుగా నాకు తక్కువైంది ఇదేనని గట్టిగా అనిపించింది. చదివిందంతా పరీక్షకి పనికొస్తుందనుకున్నాను గానీ నాకు పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

సీసా ఇద్దరికీ కలిపి ఇచ్చారు. పరగడుపున, తూర్పుకి తిరిగి, గోరువెచ్చటి పాలతో తినాలి. ఉల్లి, వెల్లుల్లి, వంకాయ, చింతపండు నిషిద్ధం. డౌటుగాడు ఆవిడ ముందు బుద్ధిగా చేతులు కట్టుకుని థాంక్సు చెప్పి, గదికి రాగానే సీసా వాసన చూసి, "గిది పురుగుల తిండిరా. నేన్ తిన," అని తేల్చేశాడు. మా గదిలో ఫ్రిజ్ లేదు. కింద పాల దుకాణం భయ్యాని బతిమాలి, పనీర్ వెనకాల దాచుకోనిచ్చేలా ఒప్పించాను. పొద్దున్నే చెంచా పట్టుకుని దుకాణం ముందు తూర్పుకి తిరిగి నిలబడేవాణ్ణి. చీపురు పట్టుకున్నవాళ్లు నా చుట్టూ తిరిగి ఊడ్చుకుపోయేవారు. సౌత్ అబ్బాయికి చదివి చదివి మతి చెదిరిందని, అది దాని మందని భయ్యా అందరికీ చెప్పాడట.

మొదటిరోజే పెదాలు చురచురలాడాయి. పని మొదలుపెట్టిందని సంతోషించాను. తర్వాత మెడ మీద దద్దుర్లు, ఆపైన చిన్నప్పుడు వదిలిపోయిన పిల్లికూతలు మళ్లీ వచ్చాయి. ఫోన్ బూత్ నుంచి ఆంటీకి చెబితే, వేడి చేసిందని, ఒంట్లో చెడంతా బయటికొస్తోందని, మజ్జిగ తాగుతూ కొనసాగించమని, ఇంటర్వ్యూ రోజున మాత్రం ఒక చెంచా ఎక్కువే వేసుకోమని చెప్పారు. ఆవిడ గొంతులో ఎంత ప్రేమ ఉందంటే, అనుమానించడం పాపమనిపించింది. పక్కనే ఉన్న డౌటుగాడు "ఒరేయ్, ఇగ బంద్ చెయ్‌రా," అన్నాడు. వాడి మాటని వాడి పేరు చూసి కొట్టిపారేశాను.

ఇంటర్వ్యూ పొద్దున ఆ ఎక్కువ చెంచా కూడా వేసుకున్నాను. అరువు కోటు తొడుక్కుని ఆటో ఎక్కేటప్పటికి పెదవి బరువెక్కింది. దిగేటప్పటికి ఒక కన్ను సగం మూసుకుపోయింది. గేటు దగ్గర ఒక పక్కకి పోయిన నవ్వు నవ్వాను. కాపలావాడు నా ఫొటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫొటో చూసి, ఇంకొకర్ని పిలిచి చూపించి గానీ లోపలికి వదల్లేదు. బోర్డు అధ్యక్షురాలు పెద్దావిడ. నన్ను చూసి కంగారుపడి మంచినీళ్లు తెప్పించి, ఏమైందని అడిగారు. అబద్ధం ఆడటానికి కూడా ఊపిరి కావాలి, అది నా దగ్గర లేదు. పిల్లికూతల మధ్య రాయల్ జెల్లీ అని చెప్పాను. ఆవిడ నా కాగితాల్లో జువాలజీ అని ఉన్నచోట వేలు పెట్టి, చాలా మెత్తగా ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేశారు.

"పురుగుకి పనిచేసేది మనిషికి పనిచేస్తుందని మీరు ఏ పుస్తకంలో చదివారు?"

నేను గ్లాసు ఎత్తి మంచినీళ్లన్నీ తాగేశాను. ఊపిరి అందక అనుకుని వాళ్లు జాలిపడ్డారు. బయటికి రాగానే, నాతో ఆటోలో వచ్చి గేటు దగ్గర కాచుకుని ఉన్న డౌటుగాడు నన్ను ఆస్పత్రికి ఈడ్చుకెళ్లాడు. డాక్టరు సూది వేసి, ఆయాసం ఉన్నవాళ్లు తేనెటీగల సరుకు జోలికి పోతే ప్రాణం మీదికి వస్తుందని తిట్టిపోశాడు.

ఫలితాల్లో వాడి పేరుంది, నా పేరు లేదు. వసంత్ కుంజ్‌లో వాడికి సన్మాన భోజనం పెట్టారు, నన్నూ పిలిచారు. ఆంటీ వచ్చినవాళ్లందరికీ అలాంటిదే ఇంకో సీసా చూపించి ఇదంతా దీని చలవేనన్నారు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఉల్లిపాయ తినుంటావు నాన్నా, పథ్యం తప్పావు," అన్నారు. (బేర్ సరాయ్ మెస్సులో ఉల్లిపాయ లేనిది మంచినీళ్లలో మాత్రమే, కాబట్టి కాదనలేకపోయాను.) దండ వేసుకున్నవాడు తాను తినలేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. వాడు బూరె కొరుకుతూ ఆవిడకి నమస్కారం పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు, వాడి మీద. ఇంటర్వ్యూ పోయినందుకంటే ఆ నమస్కారానికే ఎక్కువ ఏడ్చాను.

ఇప్పుడు లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పుకుంటున్నాను. ఏటా తేనెటీగల పాఠం వస్తుంది. ఆ తిండిని తయారుచేసేది చాకిరీ ఈగ, తిని ఎదిగేది రాణి అని బోర్డు మీద రాసి, కాసేపు అటే తిరిగి నిలబడతాను. మొన్న ఆ పాఠమైన సాయంత్రం డౌటుగాడు ఫోన్ చేశాడు. ఎక్కడో పెద్ద హోదాలో ఉన్నాడు. కొడుక్కి పెద్ద పరీక్షలట, ఆ జెల్లీ ఢిల్లీలో ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

"పొద్దుగాల ఇద్దరం తింటుంటిమి గదరా, యాది లేదా? దానివల్లనే గదా నాకొచ్చింది."

వాడు అబద్ధమాడటం లేదు. ఇన్నేళ్లుగా విని విని నమ్మేశాడు. నన్ను ఆస్పత్రికి మోసుకెళ్లింది కూడా మర్చిపోయాడు. కోపం వచ్చింది గానీ ముందు అబ్బాయికి ఆయాసం ఉందా అని అడిగాను. చిన్నప్పటి నుంచీ ఉందన్నాడు, అది తింటే తగ్గుతుందా అని ఆశగా అడిగాడు.

"పిల్లాడికి అది పెట్టకు. నువ్వు ఒక్క చెంచా కూడా తినలేదురా. తిన్నవాణ్ణి నేను."

వాడు చిన్న గొంతుతో, "మరి నాకెట్లొచ్చిందిరా?" అన్నాడు.

ఇన్నేళ్లుగా నేను ఒప్పుకోని సంగతి అది. "చదివావు కాబట్టి," అన్నాను.

ఫోన్ పెట్టేసి అద్దంలో చూసుకున్నాను. పెదాలు మామూలుగానే ఉన్నాయి. నవ్వు మాత్రం, అరువు కోటు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డ ఆ అబ్బాయి నవ్వులాగే ఒక పక్కకి పోయింది.