నో అంటే కాదా, లేదా

పత్రికాఫీసులో పన్నెండేళ్లు నేను చేసిన పని ఇంగ్లీషును తెలుగులోకి దించడం. టెలిప్రింటర్ నుంచి బారెడు కాగితం వచ్చేది. దాన్ని చింపుకుని, ముక్కలుగా చేసుకుని, నాలుగు పేరాల తెలుగు రాసి కంపోజింగుకు పంపేవాణ్ణి. దించడం వచ్చినవాడికి ఎక్కించడం కూడా వస్తుందనుకుంటారు జనం. నాకు రాదు. ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తే ఇప్పటికీ ముందు తెలుగులో అనుకుని, కూడబలుక్కుని అంటాను. ఈ సంగతి మా పక్కింటి ఫోర్‌మన్‌కు తెలియదు.

మాది మధిర. అప్పటికి నేను డెస్కు పని మానేసి, భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక బొగ్గు ఊళ్లో విలేకరిగా చేరాను. ఇటు బూర్గంపాడు, అటు పినపాక దాకా తిరిగి, రాసిన వార్తలు కవర్లో పెట్టి బస్సు డ్రైవర్ చేతికివ్వడం నా రోజువారీ. తొంభైల నడిమి రోజులవి. అక్కడి బొగ్గు బాయికి చైనా నుంచి ఒక పెద్ద యంత్రం వచ్చింది. దాన్ని బిగించడానికి అక్కడి మనుషులు పదిమందికి పైగా వచ్చి గెస్ట్‌హౌసులో దిగారు. ఫోర్‌మన్ వాళ్లతోనే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఒక ఆదివారం పొద్దున వాళ్లలో అందరికన్నా చిన్నవాణ్ణి వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"సారూ, గీ తమ్మికి జర ఇంగ్లీషు చెప్పున్రి. పరీక్ష ఉన్నదట హైదరాబాద్‌ల."

"అన్నా, నాకు మాట్లాడే ఇంగ్లీషు అంతగా రాదే."

"పేపరోళ్లకు రాకుంటె ఇంకెవలికొస్తది? మీ మధిరోళ్లు అన్నిటికీ ముందుగాల రాదనే అంటరు."

ఆ కుర్రాడికి ఇరవై నాలుగేళ్లుండొచ్చు. చేతిలో మూత ఉన్న గాజు సీసా. దాంట్లో వేడినీళ్లు, అడుగున విచ్చుకున్న టీ ఆకులు. వైశాఖం ఎండలో, పెంకుల మీద కాకి కూడా వాలని వేళ, అతను ఆ వేడినీళ్లే గుటకలు వేసేవాడు. మా ఆవిడ కుండలో నీళ్లిస్తే రెండు చేతులతో అందుకుని, వాసన చూసి, మర్యాదగా పక్కన పెట్టాడు. ఆ రోజు నుంచి మా వీధిలో అతని పరీక్ష కంటే ఆ సీసాకే పేరొచ్చింది.

పరీక్ష సంగతి మాత్రం చిన్నది కాదు. అతనిది కూడా బొగ్గు ఊరే. తండ్రి ముప్ఫై ఏళ్లుగా బాయిలో దిగుతున్నాడు. వాళ్ల ఊళ్లోనూ తండ్రి దిగిపోతే, అంటే రిటైరైతే, ఆ పని కొడుక్కి ఇస్తారు. మా దగ్గర వారసత్వం ఉద్యోగం అంటామే, అదే. అతనికి బాయి వద్దు. వాళ్ల ఊరి కాలేజీలో ఇంగ్లీషు చెప్పాలని ఉంది. దానికి ఈ పరీక్షలో మార్కులు రావాలి. రాకపోతే తండ్రి టోపీ తనకు వస్తుందని చెప్పడానికి, ఆ ఆదివారం అతను తన తల మీద బోర్లించిన అరచెయ్యి పెట్టి చూపించాడు. మాకు వివరించాల్సిన అవసరం లేకపోయింది. మా వీధిలో సగం ఇళ్లలో అదే టోపీ కొక్కేనికి వేలాడుతోంది.

పరీక్షకు ఆరు నెలలుంది. రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చేవాడు. వ్యాకరణం నాకంటే అతనికే ఎక్కువ తెలుసు. నేను రాసిన వాక్యాల్లో తప్పులు పట్టి, ఎక్కడ నొచ్చుకుంటానోనని పెన్సిలుతో, చిన్నగా, అంచున రాసేవాడు. చిక్కల్లా వినడంలో. అతని దగ్గర ఒక టేప్ రికార్డరు, కొన్ని క్యాసెట్లు ఉండేవి. వాటిలో ఒక ఆడగొంతు, ఒక మగగొంతు మాట్లాడుకుంటాయి. ఆ తర్వాత మూడో గొంతు ప్రశ్న అడుగుతుంది. కరెంటు పోతే బ్యాటరీలు వేసేవాళ్లం. బ్యాటరీలు నీరసిస్తే ఆ ముగ్గురూ నిద్ర మత్తులో ఉన్నట్టు సాగదీసేవాళ్లు.

ఒక రోజు క్యాసెట్‌లో మగగొంతు అడిగింది: ఉత్తరం పోస్టులో వెయ్యలేదు కదా, అని. ఆడగొంతు అన్నది ఒక్కటే మాట. నో. ఇప్పుడు ఉత్తరం సంగతేమిటి?

"వేసింది," అని రాశాడతను. నేనూ అదే అనుకున్నాను. వెయ్యలేదు కదా అన్నాడు ఆయన. నో అంది ఆవిడ. అంటే మీరన్నది తప్పు, వేశాను అని. పుస్తకం వెనక జవాబుల పేజీ తిప్పాం. వెయ్యలేదని ఉంది.

అచ్చుతప్పు అనుకున్నాను. పత్రికలో పనిచేసినవాడికి మొదట వచ్చే అనుమానం అదే. కానీ తర్వాతి క్యాసెట్‌లోనూ అలాంటిదే ఒకటి, దానిలోనూ మేమిద్దరం తప్పే. ఇద్దరం ఒకే తప్పు చేస్తుంటే అందులో ఏదో ఉందనిపించింది. మూడు రోజులు అదే నా బుర్రలో తిరిగింది.

నాలుగో రోజు బూర్గంపాడు బస్సులో జవాబు దొరికింది. కండక్టరు ఒక ముసలాయన దగ్గర ఆగాడు.

"ఏంది పెద్దాయనా, టికెట్ తీస్కోలేదా?"

"అవ్, తీస్కోలే."

"అవ్ అంటున్నవేంది మల్ల, తీస్కో."

వెనక సీట్లో కూర్చుని ఆ అవ్ పట్టుకున్నాను. ముసలాయన అన్నది కండక్టరు మాటకు జవాబు: నువ్వన్నది నిజమే, తీసుకోలేదు. మన అవ్ అడిగినవాడి మాటకు జవాబు. ఇంగ్లీషు వాళ్ల ఎస్ అలా కాదు. అడిగినవాడు ఎలా అడిగినా వాళ్లకు పట్టదు. టికెట్ జేబులో ఉంటే ఎస్, లేకపోతే నో. అంతే. ఆ రోజు పని మీద వెళ్లినచోట ఎవరో నాతో ఏదో చెబుతున్నారు, నేను మాత్రం కనిపించిన ప్రతి మనిషి నోట అవ్, కాదు, లేదు ఏరుకుంటూ కూర్చున్నాను. వార్త సగమే రాసుకుని ఇంటికొచ్చాను.

సాయంత్రం కుర్రాడికి ఆ ముసలాయన కథ చెప్పాను. అతను గాజు సీసా కింద పెట్టి, తొడ మీద చరుచుకున్నాడు. వాళ్ల భాషలోనూ అంతేనట. రాలేదా అంటే, దుయ్, రాలేదు అంటారట. దుయ్ అంటే మన అవ్. అక్కడితో ఆగలేదు. మన కాదుకు ఒక మాట, లేదుకు ఇంకో మాట వాళ్లకూ విడివిడిగా ఉన్నాయట. పాపం ఇంగ్లీషు వాళ్లకు రెంటికీ కలిపి ఒక్క నో. ఇంత పెద్ద భాషలో ఆ ఒక్క మాటకు కరువేమిటని మేమిద్దరం కాసేపు జాలిపడ్డాం.

ఆ తర్వాత నేను అతనికి ఒక సూత్రం చెప్పాను. అడిగే మనిషిని చూడకు, వస్తువును చూడు. ఉంటే ఎస్, లేకపోతే నో. నెల రోజులు అదే సాధన. నేను అన్నీ తిరగేసి అడిగేవాణ్ణి: నీ దగ్గర పెన్ను లేదు కదా, నిన్న నిద్ర పట్టలేదా, మీ ఊళ్లో ఏనుగులు లేవా? మొదట్లో చెమటలు పట్టేవి. నెల తిరిగేసరికి ఆలోచించకుండానే నో అనడం వచ్చింది. ఒకసారి మా ఆవిడ గుమ్మంలోంచి, "అన్నం తినలేదా బాబూ?" అంది. "నో" అన్నాడు. ఆవిడ లోపలికెళ్లి కంచం పెట్టుకొచ్చింది. అతను నిజంగానే తినలేదు. నా సూత్రం ఇంటి ఆడవాళ్ల దగ్గర కూడా పనిచేస్తున్నదని మురిసిపోయాను. ఆవిడ ఆ నోను లేదు అని విన్నదని, అందువల్లే కంచం వచ్చిందని నాకు తట్టలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున ఫోర్‌మన్ మా ఇంటికొచ్చాడు. కుడిచేతి మణికట్టు మీద కందిన మచ్చ. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, ఏం ఇంగ్లీషు నేర్పినవ్ ఆ పిల్లగానికి?"

ఎప్పుడూ మీరు అనే మనిషి నువ్వు అన్నాడు. ఏమైందని అడిగాను.

యంత్రంలో బాయి పైకప్పును మోసే ఇనుప కాళ్లుంటాయి. నూనె కలిపిన తెల్లటి నీళ్లు గొట్టాల్లోంచి గట్టిగా తోసుకొచ్చి వాటిని పైకి లేపుతాయి. బాయిలోకి దించకముందు వర్క్‌షాపులో ఒక జత బిగించి చూస్తున్నారు. గొట్టం విప్పాలంటే లోపలి ప్రెషర్ ముందే వదిలెయ్యాలి. ఉండగా విప్పితే ఆ నీళ్లు కత్తిలా కోస్తాయి. నిన్న ఫోర్‌మన్ గొట్టం దగ్గర పానా పట్టుకుని, అవతల మీటరు దగ్గరున్న కుర్రాణ్ణి తన ఇంగ్లీషులో అడిగాడు.

"ప్రెషర్ నాట్ రిలీజ్? అన్న. నో అన్నడు. వచ్చినప్పటి సంది గదే మాట గట్లనే అడుగుతున్న సారూ. వదల్లేదంటె ఎస్ అంటుండె, వదిలిపెట్టినమంటె నో అంటుండె. నో అన్నడు గదా, అయిపోయిందని పానా తిప్పిన."

ఫోర్‌మన్ విన్నది కాదు. నువ్వన్నది కాదు, వదిలేశాం, అని. కుర్రాడు అన్నది లేదు. ఇంకా వదల్లేదు, అని. నేను నేర్పిన నో. మీటరు వదిలి దూకి, ఫోర్‌మన్‌ను భుజం పట్టి వెనక్కి లాగాడట. అప్పటికే మర ఒక చుట్టు సడలింది. తెల్లటి నీళ్లు సన్నగా చిమ్మి మణికట్టును తాకి పోయాయి. ఇంకో చుట్టు తిరిగి ఉంటే చెయ్యి ఉండేది కాదు.

ఫోర్‌మన్ కాస్త చల్లబడి అరుగు మీద కూర్చున్నాడు.

"మస్తుగ మాట్లాడుకుంటుంటిమి మేమిద్దరం. తప్పో ఒప్పో, ఒక తీరుగ నడిచింది. నువ్వు సక్కగ చేసినవ్, గిట్లయింది."

ఆ సాయంత్రం కుర్రాడు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు క్యాసెట్లన్నీ ఒక సంచిలో పెట్టి ఫోర్‌మన్ చేతికిచ్చి పంపాడు. పరీక్షకు ఫీజు కట్టి ఉంది, తేదీ నెలన్నర లోపల ఉంది. వెళ్లనన్నాడట. రెండు ఇంగ్లీషులు ఒక నోట్లో పెట్టుకుంటే మళ్లీ ఎవరి చెయ్యో పోతుందని అతని భయం. ఫోర్‌మన్‌కు ఇది నచ్చలేదు.

"వాని బాయి తప్పేదే గీ పరీక్షతోని. నా చెయ్యి జూసి వాడు పరీక్ష ఇడిసిపెడితె, రేపు బాయిల దిగిన్నాడు నన్ను తిట్టుకోడా? నడువున్రి సారూ."

ఇద్దరం వర్క్‌షాపుకు వెళ్లాం. కుర్రాడు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఫోర్‌మన్ జేబులోంచి సుద్దముక్క తీసి, మీటరు పక్కన ఇనుప పలక మీద రెండు మాటలు రాశాడు. పైన ఉంది. కింద లేదు.

"తమ్మీ, గిక్కడ ఎస్ బంద్. నో బంద్. నేను ఎట్లడిగినా గీ రెండిట్ల ఒకటే చెప్పు. ప్రెషర్ ఉంది. ప్రెషర్ లేదు. సమజైందా?"

కుర్రాడు సుద్ద తీసుకుని ఆ అక్షరాల కింద మళ్లీ రాశాడు. ది మీది గుడి కొక్కెంలా వంగిపోయింది. రెండుసార్లు చెరిపి మూడోసారి రాసి, గొట్టం మీద చెయ్యి వేశాడు. "ప్రెషర్ ఉంది," అన్నాడు. "ఉందా? మల్ల మీదికెల్లి చెయ్యి తియ్యి," అన్నాడు ఫోర్‌మన్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మర్నాడు సాయంత్రం ఐదింటికి గాజు సీసా మా అరుగు మీదికి వచ్చింది.

పరీక్ష రాసి హైదరాబాద్ నుంచి తిరిగొచ్చాక మా ఇంట్లో కూర్చుని చెప్పాడు. మాట్లాడే పరీక్షలో ఒక పెద్దావిడ అడిగిందట: ఇక్కడి ఎండలు నీకు కష్టంగా లేవా, అని. ఎస్ వచ్చి నాలుక మీద నిలబడింది, వెనకే నో కూడా వచ్చింది. రెండూ మింగేసి, సుద్ద పలకను గుర్తు చేసుకుని, కష్టంగా ఉంది అని పూర్తి వాక్యం చెప్పాడట. ఆవిడ తలెత్తి చూసి ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో అతనికి తెలియదు.

ఫలితం రాకముందే యంత్రం పని పూర్తయి వాళ్లంతా వెళ్లిపోయారు. గాజు సీసా మా ఆవిడకు ఇచ్చి వెళ్లాడు. ఆవిడ దాంట్లో ధనియాలు పోసుకుంది. పరీక్ష ఏమైందోనని ఫోర్‌మన్ నెలకొకసారి అడిగేవాడు. నాకూ తెలియదనేవాణ్ణి.

ఏడాది దాటాక ఒక ఉత్తరం వచ్చింది. పది లైన్ల ఇంగ్లీషు. నేను అరుగు మీద కూర్చుని దించుతుంటే ఫోర్‌మన్ వింటున్నాడు. తండ్రి దిగిపోయాడట, ఆరోగ్యం బాగుందట. అన్న చెయ్యి ఎలా ఉందని అడిగాడు. చివరి లైను: కాలేజీలో ఉద్యోగం నాకు రాలేదనుకుంటున్నారా? నో.

నేను ఆగిపోయాను.

"ఏంది సారూ, వచ్చిందా రాలేదా?"

"నో అన్నాడన్నా."

"గా నో ఎవలది? నువ్వు నేర్పిందా, నాదా?"

కాదు అనుకుంటే ఉద్యోగం వచ్చింది. లేదు అనుకుంటే రాలేదు, తండ్రి టోపీ అతని నెత్తి మీదికి వచ్చి ఉంటుంది. పన్నెండేళ్లు ఇంగ్లీషు దించినవాణ్ణి, రెండక్షరాల మాట దగ్గర కూర్చుండిపోయాను. ఫోర్‌మన్ ఓపిక పట్టలేక కాగితం నా చేతిలోంచి తీసుకుని తిరగేశాడు. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. వెనకవైపు పేజీ మధ్యలో ఒకే ఒక్క మాట ఉంది, తెలుగులో, పెద్దగా. ది మీది గుడి కొక్కెంలా వంగి ఉంది.

"ఉంది," అని చదివాడు ఫోర్‌మన్. ఇంకోసారి చదివాడు. "ఉద్యోగం ఉన్నదట సారూ. గీ మాట మొదలే రాస్తె అయిపోవు గదా."