గంగులు కూర్చుని చూసిన నాలుగో కుర్చీ

గజపతినగరం చరిత్రను ఎవరైనా తీరిగ్గా రాస్తే, అందులో ఒక అధ్యాయం గంగులు కూర్చోవడానికి కేటాయించక తప్పదు. ముప్పై ఏళ్లుగా సైకిలు మీద ఇంటింటికీ తిరిగి, కుంగిపోయిన డైనింగు కుర్చీల సీట్లు బాగుచేసే ఈ మనిషి, ముందు కుర్చీలో కూర్చోనిదే సుత్తి ముట్టడు. కళ్లు మూసుకుంటాడు. కాస్త అటూ ఇటూ ఒరుగుతాడు. ఆ తరువాత తీర్పు వెలువడుతుంది: ఈ కుర్చీ కోడలిది, అదిగో అది అన్నం దగ్గర ఫోను చూసేవాడిది. తీర్పు తప్పిందని ఆయన ఒప్పుకున్న దాఖలా ఇంతవరకూ లేదు.

ఆ శుక్రవారం పిలిచింది అనూరాధ టీచరు. బదిలీ మీద కోటబొమ్మాళి నుంచి కొత్తగా వచ్చింది. నాలుగు కుర్చీలూ వరండాలో వేసింది. గంగులు వరసగా కూర్చున్నాడు. నాలుగోదాంట్లో ఎక్కువసేపు ఉండిపోయాడు.

"ఈ కుర్చీలో బాబు కుడిపక్కకి ఒరిగి కూకుంతాడమ్మా. నడుం నొప్పేటి?"

ఆమె బ్యాగు సర్దుకుంటూ, "దాన్నొగ్గీ అన్నా. మూడే సెయ్యి," అంది. ఏడేళ్ల కూతురు సుహాసినిని వెంటబెట్టుకుని బడికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి మూడూ అయిపోయాయి. స్పాంజి మిగిలింది. పంక్తిలో ముగ్గురికి వడ్డించి నాలుగోవాడి విస్తరి దాటిపోవడం గంగులుకు ఇంటావంటా లేని పని. పైగా నడుం నొప్పి మనిషి. ఆ సీటూ విప్పి, స్పాంజిని మోసే కింది పట్టీలు కోసి, కొత్తవి లాగి బిగించి, గట్టి స్పాంజి వేసి, అడగకుండానే చేసిపెట్టాడు.

సాయంత్రం బడి నుంచి వచ్చిన పాప నేరుగా వెళ్లి నాలుగో కుర్చీలో కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది.

"అమ్మా, ఇది నాన్నది కాదు."

"నాన్నదే తల్లీ. బాబుకి నడుం సుకంగుంటాదని సేసీసేను," అన్నాడు గంగులు.

అనూరాధ బ్యాగు కింద పెట్టింది.

"ఆయన పోయి తొమ్మిది నెల్లయిందన్నా. పాపని కుడిపక్కన కూకోబెట్టుకుని, ఒరిగి ముద్దలు పెట్టీవోరు. ఇప్పుడు ఆయన కూకున్న గుంటలో కూకుంటేగానీ ఇది తినదు."

"ఉండమ్మా. పాతదంతా సంచిలోనే ఉన్నాది," అని గంగులు సంచి బోర్లించాడు. పాత స్పాంజి ఏరి, సీటులో పెట్టి, "కూకో తల్లీ," అన్నాడు. పాప కూర్చుంది. తల అడ్డంగా ఊపింది.

గుంట స్పాంజిలో ఉండదు. ఏళ్ల తరబడి సాగిన పట్టీల్లో ఉంటుంది. ఆ సంగతి గంగులుకు తెలియనిది కాదు. కోసిన ముక్కల్ని తిరిగి కుడదామని నేల మీద కూర్చుని ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. నాలుగు కుర్చీలవీ కలిసిపోయాయి. పట్టీలన్నీ నల్లవే.