మా బాపు టీవీలో పడ్డ రోజు

స్క్రూడ్రైవరుతో ఏం అనర్థం చేయవచ్చని అడిగితే చాలామంది ఫ్యూజు ఎగరగొట్టవచ్చు, వేలు చీరుకోవచ్చు అంటారు. పాపం, వాళ్లకు అనుభవం తక్కువ. ఇంజనీరింగు మూడో సంవత్సరం పూర్తయిన వేసవిలో నేను ఒకే ఒక్క స్క్రూడ్రైవరుతో జీపులో దిగిన అధికారులను పరుగులు పెట్టించాను, ఒక పెద్దాయనకు బీపీ తెప్పించాను, బొగ్గుగని కార్మికులుండే సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ల వరుస మొత్తాన్నీ ఏడిపించాను. ఎలాగో చెబుతాను. కానీ చివరిదాకా నవ్వొద్దు. ఆ రోజు నాకెవరూ నవ్వే అవకాశం ఇవ్వలేదు మరి.

అప్పట్లో నేను కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఎలక్ట్రానిక్స్ చదివేదాన్ని. పొద్దున గోడకు కొడితే అతుక్కునే ఉప్మా, మధ్యాహ్నం ల్యాబులో ఎప్పుడూ రిపేరులో ఉండే మెషిన్లు, సాయంత్రం స్నానాల గది ముందు బకెట్ల యుద్ధం. అదీ నా చదువు. పరీక్షల్లో మోటారు బొమ్మ కళ్లు మూసుకుని గీసేదాన్ని. నిజం మోటారు మాత్రం చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. అలాంటి నాకు, బసంత్‌నగర్ దారిలో రాఘవరావు సారని ఒక రిటైర్డు ఇంజనీరు తన షెడ్డులో రోబో తయారు చేస్తున్నారనీ, వేసవి సెలవులకు ఇద్దరు విద్యార్థులు కావాలనీ తెలిసింది. రెక్కలు కట్టుకుని వాలాను. రెండో విద్యార్థి మంథని అబ్బాయి శ్రీకాంత్. వాళ్లింట్లో అందరూ టీచర్లే. అందుకేనేమో, నట్టు బిగిస్తూ కూడా ఆ నట్టుకు పాఠం చెప్పేవాడు.

రోబో అనగానే చేతులూ కాళ్లూ ఊహించుకోకండి. పెద్ద ప్రెషర్ కుక్కరంత పెట్టె, నాలుగు చక్రాలు, ముందు ఒక చిన్న దీపం, దాని కింద బుల్లి కెమెరా, వెనకాల తోకలా చాంతాడంత వైరు. అంతే. బొగ్గుబాయిలో, అంటే గనిలో, పొగ కమ్మితే మనుషుల కంటే ముందు అది లోపలికి వెళ్లాలి. లోపల ఎవరైనా పడిపోయి ఉంటే బయటున్న టీవీలో చూపించాలి. అదీ సారు కల. మా బాపు, అదే మా నాన్న కొమురయ్య, బాయిలోనే పనిచేసేవాడు. వేళ కాని వేళ సైరన్ మోగితే చాలు, మా అమ్మ చేతిలో గిన్నె చేతిలోనే పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. అందుకే ఆ కుక్కరు మీద నాకు తోడబుట్టినవాడి మీదున్నంత ప్రేమ.

ఇక నా ఘనకార్యానికి వద్దాం. ఒకరోజు కెమెరాను పట్టి ఉంచే రేకు విరిగింది. కొత్త రేకు కోసి పెట్టాను. కెమెరాను నిటారుగా పెడితే రంధ్రాలు కుదరలేదు. పక్కకు తిప్పి పెడితే భేషుగ్గా కుదిరాయి. బిగించేశాను.

"స్వరూపా, టీవీల అన్నీ పండుకున్నయి," అన్నాడు శ్రీకాంత్. నిజమే. కుర్చీ పడుకుంది, స్తంభం పడుకుంది, ఎదురుగా నిలబడ్డ సారు కూడా హాయిగా పడుకున్నారు.

"అయితే టీవీని గూడ పండవెడ్దాం," అన్నాను.

టీవీని పక్కకు పడుకోబెట్టాం. లోకమంతా లేచి నిలబడింది. ఇంత తెలివి నాకు ఎక్కడినుంచి వచ్చిందా అని ఆ పూటంతా మురిసిపోయాను.

సారు మాత్రం మురవలేదు. "ఇట్ల పనికిరాదమ్మా. బాయి ఆఫీసర్లు వచ్చే లోపల కెమెరా సక్కగ బిగించు."

"బిగిస్త సార్."

ఈ మాట గుర్తుంచుకోండి. నేనైతే మరిచిపోయాను.

ఆఫీసర్లు చూడటానికి వచ్చే రోజు రానే వచ్చింది. వాళ్లకు నచ్చితే నిజం బాయిలో ఒకసారి దించి చూస్తామన్నారు. నచ్చకపోతే సారు ఇన్నేళ్ల కష్టం ఆ షెడ్డులోనే తుప్పు పడుతుంది. పొద్దున నేను జడ వేసుకుంటుంటే, మొదటి షిఫ్టుకు బయలుదేరుతున్న బాపు గుమ్మంలో ఆగాడు.

"బిడ్డా, డ్యూటీ దిగినంక నేను గూడ అస్త. నీ రోబో బండి సూస్త."

"వద్దు బాపు. పెద్ద పెద్ద సార్లు అస్తరు. నువ్వుంటే నాకు చేతులు వణుకుతయి."

"మూలకు నిలవడ్త. ఎవ్వలకు కనవడ."

"వద్దంటున్న గద!"

"సరే తియ్," అని బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆయన ముఖం నేను సరిగ్గా చూడనైనా లేదు. నా జడ కుదరడం లేదు, అదొక్కటే నాకు కనబడుతోంది.

మధ్యాహ్నం దాటాక నేను షెడ్డుకు వెళ్లేసరికి టెంటు వేశారు, కుర్చీలు వేశారు. మధ్యలో బల్ల మీద మా టీవీ పక్కకు పడుకుని ఉంది. పెళ్లిచూపుల్లో పిల్ల నిద్రపోతున్నట్టుగా కనిపించింది నాకు. మర్యాదగా ఉండదు కదా! లేపి నిలబెట్టాను. దుమ్ము తుడిచాను. మా అమ్మ కుట్టిన పూల గుడ్డ కప్పాను. ఆ తర్వాత కెమెరాను తిప్పుదామని స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నానో లేదో, గేటు దగ్గర జీపు హారన్ మోగింది. స్క్రూడ్రైవరు జేబులో పెట్టి నమస్కారాలు పెట్టడానికి పరుగెత్తాను.

షెడ్డు వెనక్కి వెళ్లేలా రేకులతో, టార్పాలిన్లతో వంకర సొరంగం కట్టారు. లోపల తడి వేపాకు, గోనెసంచులు కాల్చి పొగ పెట్టారు. సొరంగం నోటి దగ్గర శ్రీకాంత్ వైరు వదులుతూ నిలబడ్డాడు. నేను టెంటులో టీవీ ముందు మీటలు పట్టుకుని కూర్చున్నాను. నా వెనక ఆఫీసర్లందరికీ పైవారైన పెద్దసారు, మిగతా ఆఫీసర్లు. వాళ్లతో పాటు ప్రమాదాలప్పుడు బాయిలో దిగే రెస్క్యూ మనుషులు ఇద్దరు, ముఖానికి తొడిగే మాస్కులతో, వీపున ఆక్సిజన్ సెట్లతో వచ్చారు. వాళ్లలో ఓదెలన్న మా కాలనీ మనిషే.

రోబో లోపలికి వెళ్లింది. టీవీ నిండా బూడిద రంగు పొగ. నేను ఎడమకు తిప్పాను. బొమ్మ పైకి జరిగింది. కుడికి తిప్పాను. కిందికి జరిగింది.

"ఏమ్మా, మీ బండి గుట్ట ఎక్కుతున్నదా?" అన్నారు పెద్దసారు.

"కింద... కింద నేల ఎచ్చుతగ్గులున్నది సార్."

రాఘవరావు సారు నన్నొక చూపు చూశారు. ఆ నేలను ఆయనే స్వయంగా చదును చేయించారు. నేను కంగారులో ఏ మీట దొరికితే ఆ మీట నొక్కాను. టీవీ మీద నల్లటిదేదో బరబరా రాసుకుంటూ పోయింది. పొగ కాస్త పలచబడింది. మసక వెలుతురులో రెండు బూట్లు కనిపించాయి. బూట్ల తర్వాత మోకాళ్ల దాకా కాళ్లు. కదలకుండా, కట్టెల్లా, అడ్డంగా పడి ఉన్నాయి.

నా వెనక కుర్చీలన్నీ ఒక్కసారి ముందుకు జరిగాయి.

"మనిషి బొమ్మ పెట్టిన్రా లోపల?" అన్నారు పెద్దసారు.

"లేదండి," అన్నారు రాఘవరావు సారు. ఆయన ముఖంలో రక్తం లేదు. "లోపల ఎవరినీ పెట్టలేదు."

నేను టీవీకి దగ్గరగా వంగాను. ఎడమ బూటు మడమ దగ్గర ఎర్రటి అతుకు. సైకిల్ ట్యూబు ముక్క. దాన్ని అంటించింది నేనే.

"బాపు!" అని నేను అరిచిన అరుపుకు కుర్చీలు పడిపోయాయి. "మా బాపు! రావద్దన్న, ఇనకుండ అచ్చిండు! లోపట పడ్డడు!"

పరుగెత్తాను. సొరంగం నోట్లోకి దూరబోతుంటే ఓదెలన్న నా భుజం పట్టి వెనక్కి లాగాడు.

"నువ్వు రాకు బిడ్డా. మేమున్నం గద."

"పొగ పీల్చిండన్నా! జల్ది పో అన్నా!"

ఓదెలన్న మాస్కు బిగించుకుని, వైరు చేత్తో పట్టుకుని, పొగలో కలిసిపోయాడు. రెండోవాడు వెనకాలే వెళ్లాడు. రాఘవరావు సారు ఒక కుర్చీలో కూలబడి చొక్కా గుండీలు విప్పుకుంటున్నారు. జీపు డ్రైవరు ఎవరికో ఫోను చేస్తూ "కొమురయ్య, అవును, మన కొమురయ్యే" అంటున్నాడు. నాకు పొద్దున గుమ్మంలో ఆగిన మనిషి తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు. సరే తియ్, అన్నాడు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. రావద్దన్నాను. నా బండిని చూస్తానంటే వద్దన్నాను. నేలమీద కూర్చుని ఏడుస్తుంటే శ్రీకాంత్ వచ్చి చెయ్యి పట్టి లేపాడు.

"ఒకసారి టీవీ చూడు, స్వరూపా. ఓదెలన్న చేరిండు."

చేరాడు. కానీ ఎలా? టీవీలో ఓదెలన్న చేతులు అడ్డంగా, గోడ మీద బల్లిలా పాకుతూ వచ్చాయి. అంతలో కదలకుండా పడి ఉన్న మా బాపు కాళ్లు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. ఎక్కడినుంచో ఒక గాజుగ్లాసు వచ్చి, టీవీ ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా ఎగురుకుంటూ పోయింది. దాని వెనకాలే టీ కూడా అడ్డంగానే పోయింది.

పెద్దసారు మెడను మెల్లగా కుడి భుజం మీదికి వంచారు. ఆయన వంచగానే మిగతా ఆఫీసర్లందరూ వంచారు. నేను కూడా వంచాను.

శ్రీకాంత్ పూల గుడ్డ తీసి, టీవీని పక్కకు పడుకోబెట్టాడు.

మా బాపు లేచి నిలబడ్డాడు.

జరిగిందేమిటంటే, నేను నొక్కిన మీటలకు రోబో దారి తప్పి, టార్పాలిన్ కింద నుంచి దూరి షెడ్డు వెనక్కి వెళ్లింది. అక్కడ పొగలేస్తున్న పొయ్యి మీద అందరికీ టీ కాస్తున్న లచ్చవ్వ, డ్యూటీ నుంచి నేరుగా వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డ మా బాపుకు ఒక గ్లాసు ఇచ్చింది. ఆయన హాయిగా తాగుతుంటే టార్పాలిన్ కింద నుంచి మాస్కు పెట్టుకున్న మనిషి బయటికొచ్చి, రెండు చేతులతో ఆయన కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

ఓదెలన్న బాపును వెంటబెట్టుకుని టెంటులోకి వచ్చాడు. బాపుకు ఇంకా ఆయాసం తగ్గలేదు.

"ఏంది బిడ్డా, గట్ల ఏడుస్తున్నవ్? ఎవలన్న ఏమన్నరా?"

నేను ఆయన్ని పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చాను.

"నువ్వు రావద్దన్నవని ముంగటికి రాలె," అన్నాడు తప్పు చేసినవాడిలా. "ఎనుక నుంచే సూద్దమనుకున్న. బండి మంచిగనే ఉరికింది బిడ్డా. సక్కగ నా దగ్గరికే అచ్చింది."

పెద్దసారు జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నారు. "మనిషినైతే దొరకవట్టింది, నిజమే. బతికున్నోణ్ణి సంపకుండ చూపిస్తదేమో ఇంకోసారి చూస్తం." ఆ ఇంకోసారి వచ్చినప్పుడు ఆయన ఎవరికీ నమస్కారం పెట్టకుండా నేరుగా కెమెరా దగ్గరికే వెళ్లి, వంగి చూశారు. ఆ వేసవి చివర్లో మా కుక్కరు నిజంగానే బాయిలోకి దిగింది.

కానీ ఆ సాయంత్రం కథ ఇంకా మిగిలే ఉంది. నేనూ బాపూ బస్సు దిగి మా వరుసలోకి మళ్లేసరికి క్వార్టర్ల ముందు గుంపు. ఆడవాళ్ల ఏడుపులు. బాపు నడక తగ్గించి, తలకు కట్టిన తువ్వాలు విప్పాడు.

"అయ్యో, ఎవలో పోయినట్టున్నరు బిడ్డా. పాపం, మన ఇంటి దిక్కే." గుంపు చివర నిలబడ్డ ముసలాయన భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు. "ఎవలు కాకా? ఎట్లయింది?"

కాక వెనక్కి తిరిగి చూశాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా ఉరకగలడని కాలనీలో ఎవరికీ తెలియదు.

గుంపు రెండుగా చీలింది. మధ్యలో నేలమీద కూర్చున్న మా అమ్మ తలెత్తింది. బాపును కిందికీ మీదికీ చూసింది. లేచి వచ్చి ఆయన రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"ఓ సచ్చినోడా! ఏడికి వోయినవ్ నువ్వు!"

బాపు నావైపు తిరిగాడు. నేను గోడవైపు తిరిగాను.

ఆ గోడ సాక్షిగా, చుట్టూ ఉన్న చుట్టపక్కాల సాక్షిగా నేనొక ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఇక మీదట ఎవరైనా పోయారని లోకానికి చెప్పాల్సి వస్తే, ముందుగా ఆ మనిషినే పక్కకు పిలిచి, కూర్చోబెట్టి, నిజమేనా అని అడుగుతాను. ఆయన ఔనని ఒప్పుకుంటేనే ఏడుపు మొదలుపెడతాను.